గోడ మీది బిందె

ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాలని పత్రికాఫీసులో నేర్పారు కనుక చెప్పేస్తున్నాను. శ్రావణ శుక్రవారం పొద్దున గద్వాలలో మా బామ్మర్ది భార్య ఒక చిత్రాన్ని చింతపండు, బూడిద పెట్టి తోమింది. ఆ చిత్రం గీసినాయన దాన్ని చూడడానికి అప్పటికే వనపర్తిలో బస్సెక్కి కూర్చున్నాడు.

ఇప్పుడు తలచుకున్నా నాకు నవ్వాగదు. మా ఆవిడ దగ్గర ఆ మాట ఎత్తితే చాలు, చేతిలో పని పక్కన పెట్టి కూలబడుతుంది. ఆ రోజు మాత్రం అందరి ప్రాణాలూ అరచేతుల్లోనే ఉన్నాయి.

చిత్రాన్ని తోమడమేమిటని మీరు అడుగుతారు. అది కాగితం మీదది కాదు, రేకు మీదది. కాబట్టి ముందు రేకు సంగతి చెప్పాలి.

మా బామ్మర్ది కూతురు హైస్కూలు చదువంతా వనపర్తిలో మా ఇంట్లో ఉండే చదువుకుంది. పెళ్లయ్యాక నాగర్‌కర్నూల్‌లో మొగుడూ పెళ్లాలు కలిసి ఫ్లెక్సీల షాపు పెట్టుకున్నారు. ఆ షాపులో కాసేపు కూర్చుంటే చాలు, జిల్లా రాజకీయం మొత్తం అర్థమవుతుంది. పైన పెద్ద నాయకుడి మొహం, పక్కన చిన్న నాయకుడి మొహం, కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ల మొహాలు, కల్లంలో వేరుశనగ ఆరబోసినట్టు. అందులో ఒక మొహం పక్క మొహం కంటే వేలెడు చిన్నదైతే సాయంత్రానికి షాపు ముందు పంచాయితీ. నేను వెళ్లినప్పుడల్లా మా మేనకోడలిది ఒకటే పాట: "మామా, నేను డ్రాయింగుల ఫస్టొచ్చింది గీ మొకాలు అంటివెట్టనీకేనా?"

ఈ మధ్య ఆ షాపులోకి కొత్త మిషన్ వచ్చింది. పెద్ద మంచమంత బల్ల. దాని మీద చెక్క పెడితే చెక్క మీద, అద్దం పెడితే అద్దం మీద, రేకు పెడితే రేకు మీద అచ్చేస్తుంది. మా మేనకోడలికి రేకు నచ్చింది. ఇంటి మీద కప్పే రేకు కాదు. అల్యూమినియం పలక. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు దువ్వెనతో దువ్వినట్టు సన్నటి గీతలుంటాయి. అద్దంలా మొహం చూపించదు. పట్టుబట్టలా, తల ఇటు తిప్పితే ఒక వెలుగు, అటు తిప్పితే ఇంకో వెలుగు. నేత ఇంట్లో పుట్టిన పిల్ల, దాన్ని చూడగానే మనసు పారేసుకుంది.

నాకు అచ్చు కొత్త కాదు. మా పత్రిక రంగుల్లో రావడం మొదలైన కొత్తలో నాలుగు రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేవి కావు. ఒక్కోరోజు మంత్రిగారి మీసం చెంప మీదికి జరిగేది. పెళ్లికూతురి బొట్టు పోయి పెళ్లికొడుకు చెవికి అంటుకునేది. పాఠకులు కూడా అలవాటుపడి, మీసాన్ని కళ్లతోనే దాని జాగాకు జరిపి చదువుకునేవారు. అందుకే రేకు మీద అచ్చు చూద్దువు రమ్మని మేనకోడలు ఫోను చేస్తే, మీసం ఎక్కడుందో చూద్దామని బయల్దేరాను.

మీసం దాని జాగాలోనే ఉంది. చొక్కానే లేదు.

ఆమె మొదట అచ్చేసి చూసింది ఒక స్థానిక నాయకుడి ఫోటో. తెల్ల చొక్కా, తెల్ల పంచె. ఆ మిషన్‌కు తెలుపు విడిగా వెయ్యమని చెప్తే తప్ప వెయ్యదట. తెల్లగా ఉన్నచోట ఏమీ పుయ్యకుండా ఊరుకుంటుంది. కాగితమైతే కాగితం తెలుపు కనిపిస్తుంది, రేకైతే రేకే కనిపిస్తుంది. దాంతో ఆ నాయకుడి చొక్కా, పంచె, పళ్లు, కనుగుడ్లు అన్నీ కొత్తగా కొన్న స్టీలు సామాన్లలా తళతళలాడుతున్నాయి. తప్పు అచ్చు కదా, పక్కన పడేద్దామనుకునేలోపు ఆయన అభిమానులు వచ్చి చూసి, అన్న మెరుస్తున్నాడని బతిమాలి మరీ పట్టుకుపోయారట.

నేను కడుపు పట్టుకుని నవ్వుతున్నాను. మా మేనకోడలు నవ్వడం లేదు. ఖాళీ రేకును కిటికీ దగ్గర పట్టుకుని ఇటూ అటూ వంచి చూస్తోంది.

"మామా, సార్ బొమ్మలల్ల గూడ తెల్లరంగు ఉండదు గద" అంది.

సార్ అంటే ఆమెకు వనపర్తి బడిలో బొమ్మలు నేర్పిన డ్రాయింగ్ మాస్టారు. ఇప్పుడు రిటైరయ్యి సాయంత్రం నడకలో నాకు తోడు. ఆయనవి నీటిరంగులు. నీటిరంగుల్లో తెలుపు పుయ్యరు, తెలుపు కావలసినచోట కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేస్తారు. ఆయన బొమ్మల్లో మబ్బు, ఎద్దు కొమ్ము మీది ఎండ, పంచె అంచు అన్నీ ఆయన వదిలేసిన కాగితమే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సెలవు దొరికితే బస్సెక్కేవాడు. పాన్‌గల్ దగ్గర వేరుశనగ చేలు, అచ్చంపేట సంతలో గొర్రెలు, ఉప్పునుంతల దారిలో వానకు ముందటి ఆకాశం. గీసుకొచ్చి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు.

తాళానికి కారణముంది. ఎప్పుడో ఒక ఎరువుల దుకాణం వాళ్లు క్యాలెండర్ కోసం ఆయన బొమ్మ ఒకటి అడిగి తీసుకుపోయారు. క్యాలెండర్ వచ్చింది. ఆయన ఎంతో ఓపికగా వదిలిన తెల్లటి ఆకాశం చూసి, జాగా ఖాళీగా ఉందనుకున్నారేమో, అక్కడ యూరియా బస్తా బొమ్మ వేసి కింద ఫోన్ నంబరు రాశారు. ఆ ఏడాదంతా వనపర్తిలో ఏ ఇంటికి వెళ్లినా ఆకాశంలో యూరియా బస్తా. అప్పటి నుంచి ఎవరడిగినా ఇవ్వడు.

అయితే తుప్పు పట్టిన పెట్టె అడుగులోంచి చెదలొచ్చాయి. అచ్చంపేట సంతలో సగం గొర్రెలు పోయాయి. "నల్లమల పక్కనే గద, పులి దిన్నట్టుంది" అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

మా మేనకోడలు ఖాళీ రేకు ఒకటి సంచిలో పెట్టుకుని వనపర్తి వచ్చింది. సార్ ముందు పెట్టి ఇటూ అటూ వంచింది. ఆయన కంటికి ఆపరేషన్ అయినప్పటి నుంచి నల్లద్దాలు పెట్టుకుంటున్నాడు. అవి తీసి చూశాడు. తర్వాత లేచి లోపలికి పోయి పెట్టెలోంచి ఒకే ఒక్క బొమ్మ తెచ్చాడు.

"ఇది గద్వాలల మీ వాడకట్టుదే. అచ్చెయ్యి. వేసి, ఆ వాడకట్టులనే ఒక ఇంట్ల గోడకు పెట్టు. నేనొచ్చి చూస్త. మంచిగుంటే పెట్టె తాళంచెవి నీకిస్త. లేకుంటే మళ్ల నన్నడగొద్దు బిడ్డా."

ఆమె మొహం చూడాల్సింది. నాగర్‌కర్నూల్ బస్సు ఎక్కేదాకా కాగితాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉంది.

ఆ బొమ్మ ఏమిటంటే, పొద్దున్నే నేతగాళ్ల వీధి. వీధి పొడుగునా పడుగు, అంటే చీర నిలువు దారాలు, కట్టె కడ్డీలకు సాగదీసి కట్టారు. ఇద్దరు మగవాళ్లు వంగి దానికి గంజి పట్టిస్తున్నారు. వాళ్ల చేతిలో పెద్ద కుంచెలు. ఒక పక్కగా ఒక ఆడమనిషి నడుము మీద బిందె పెట్టుకుని నడిచిపోతోంది. వీపు ఇటు, మొహం అటు. ఆవల గోడ వారగా ఒక ఎద్దుబండి. అంతే. కాని వీధి చివర నుంచి వచ్చే ఎండ పడుగు మీద పడి దారాలు దారాలుగా మన మీదికి పరుగెత్తుకొస్తుంది. ఆ దారాలన్నీ ఆయన వదిలేసిన కాగితం.

రేకు మీదికి వచ్చాక అవి రేకు దారాలయ్యాయి. షాపులో దాన్ని నిలబెట్టి చూపించినప్పుడు మా ఆవిడ నోట మాట రాలేదు, అది మా ఇంట్లో అరుదు. మనం ఇటు జరిగితే వీధిలో పొద్దు పొడుస్తుంది. అటు జరిగితే మబ్బు కమ్ముతుంది. నేనూ మా ఆవిడా దాని ముందు చిన్నపిల్లల్లా అటూ ఇటూ ఊగుతుంటే ఫ్లెక్సీ కోసం వచ్చినవాళ్లు వింతగా చూశారు. పైన గట్టి పూత ఒకటి వెయ్యాలని, అది వేస్తే గోటితో గీకినా రంగు లేవదని మేనకోడలు చెప్పింది. కాని పూత వేస్తే రంగు కాస్త ముదురుతుందట. సార్ చూసి సరేనన్నాకే వేస్తానని ఆపింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. మేం మరిచిపోయాం.

గద్వాల చేర్చే పని మాది. బేరం కుదిరిన ఫ్లెక్సీలు ఉన్నాయి కనుక మేనకోడలు శుక్రవారం సార్‌తో కలిసి వస్తానంది. ఆమె ఎంత జాగ్రత్తగా ప్లాస్టిక్ చుట్టినా ఒక మూల మెరుస్తూనే ఉంది. పాన్‌గల్ దగ్గర ఎక్కిన రైతు ఒకాయన పక్కన నిలబడి దాన్ని చూశాడు.

"సోలారా సారూ? ఎన్ని బుగ్గలు ఎల్గుతయి?"

బల్బులు వెలిగించేది కాదు, బొమ్మ అని చెప్పాను. ఆయన వెంటనే తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అయ్యో. ఎవరు పోయిండ్రు?"

ఆయన తప్పు లేదు. మా వైపు బస్సులో ఇంత పెద్ద పటం పట్టుకుపోతున్నారంటే ఇంట్లో ఎవరో పోయినట్టే. గోడల మీద దేవుళ్లుంటారు, పోయినవాళ్లుంటారు, మూడో రకం లేదు. ఎవరూ పోలేదు, ఇది వీధి బొమ్మ అని మా ఆవిడ చెప్తే ఆయన ఇంకా పరేషానయ్యాడు. వీధి ఉండగా వీధి బొమ్మ ఎందుకని అడిగాడు. పత్రికలో పనిచేసినన్నాళ్లూ ఎన్నో ప్రశ్నలు అడిగాను గాని, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. వనపర్తిలో బస్సు మారి, పెబ్బేరు దాటి, కృష్ణ వంతెన మీద కిటికీలోంచి ఎండ పడ్డప్పుడు ఆ మెరిసే మూల నుంచి ఒక వెలుగు ముక్క బస్సు పైకప్పు మీద చేపపిల్లలా ఈదింది. చంటిపిల్ల ఒకతి దాన్ని పట్టుకోవాలని వంతెన దాటేదాకా ఎగురుతూనే ఉంది. ఆ రైతు ఉంటే చూపించేవాణ్ణి, ఇందుకని.

గద్వాలలో మా బామ్మర్ది మగ్గం దిగి వచ్చి, చేతులు తుడుచుకుని, ప్లాస్టిక్ విప్పాడు. విప్పగానే బొమ్మ వైపు చూడనే లేదు. తిప్పి వెనక చూశాడు.

చీర చేతికొస్తే నేతగాళ్లు ముందు వెనక తిప్పుతారు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట పనితనం ఎంతో వెనకే తెలుస్తుంది, ముందు వైపు ఎవరైనా మోసం చెయ్యొచ్చు. ఆ సాయంత్రం వాడకట్టులో వచ్చిన ప్రతి మనిషీ అదే పని చేశాడు. వచ్చాడు, తిప్పాడు, బోసి రేకు చూసి పెదవి విరిచాడు, తర్వాతే బొమ్మ చూశాడు.

"ఎన్క ఏం లేదు బావా. ముంగటొక తీరు, ఎన్కొక తీరు ఉన్నదాన్ని నమ్మరాదు. పేపరోళ్లు దెచ్చిన సరుకు గిట్లనే ఉంటది" అన్నాడు మా బామ్మర్ది.

వీధిలో మగ్గాలు ఎక్కడ వెలుతురు పడితే అక్కడుంటాయి. వాళ్ల మగ్గం గదికి తూర్పు వాకిలి. వాకిలికి ఎదురు గోడకు రేకు తగిలించాం. అక్కడి నుంచి అసలు గోల మొదలైంది.

బొమ్మలో ఆడమనిషి ఎవరు?

మొహం లేదు కనుక ప్రతి ఇంటికీ హక్కుంది. మూడో ఇంటివాళ్లు ఆ కొప్పు మా అమ్మదే అన్నారు. వీధి చివరి ముసలమ్మ, ఆ నడక నాదే, అప్పట్లో నేను అట్లాగే నడిచేదాన్నని నడిచి చూపించబోయి మా బామ్మర్ది చెయ్యి పట్టుకుంది. మా ఆవిడ అది తన తల్లే అంది. మా బామ్మర్ది భార్య, నాకు వరసకు చెల్లె, తన అత్తే అంది. మా అత్తగారు పోయి చాలా ఏళ్లయింది గాని ఆమె శుభ్రం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉప్పు డబ్బా కూడా తోమి పెట్టే మనిషి. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మా చెల్లె ఆ పేరు నిలబెట్టడానికి జీవితమంతా పీచు పట్టుకునే ఉంది.

ఎదురింటి అవ్వ అంతవరకు ఏమీ అనలేదు. మా అత్తగారితో ఆమెకు నీళ్ల దగ్గర, ముగ్గుల దగ్గర, అన్నిటి దగ్గరా పోటీ. కళ్లజోడు సర్దుకుని రేకు దగ్గరగా పోయి బాగా చూసి, తీర్పు చెప్పింది.

"అవునే, మీ అత్తనే. బిందె జూస్తెనే తెలుస్తుంది. ఎంత మసి వట్టి ఉన్నది జూడు."

అందరూ వంగి చూశారు. నిజమే. ఆ బిందె గోధుమరంగుకూ నలుపుకూ మధ్య ఏదో రంగులో ఉంది. వీధంతా వెలుగులో ఉంటే బిందె ఒక్కటి పొయ్యి మీంచి దించినట్టుంది. నవ్వులు లేచాయి. మా చెల్లె మాత్రం నవ్వలేదు. లోపలికి పోయింది. రొట్టెలు చేసింది. తినేటప్పుడు మాట్లాడలేదు. నేను దాన్ని అలసట అనుకున్నాను. ముప్పై ఏళ్లు మనుషుల మొహాలు చూసి వార్తలు రాసిన అనుభవం అంతమాత్రం పనికొచ్చింది.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే నేనూ మా బామ్మర్దీ చాయ్‌కి పోయాం. ఆయనకు బావ దొరికితే వదలడు. వార్తలు రాసేవాళ్లంతా చాయ్ తాగేవాళ్లేనా, తాగనివాళ్లు కూడా ఉంటారా అని తగులుకున్నాడు. సార్‌ వెంట వనపర్తిలో బస్సెక్కానని మేనకోడలు ఫోను చేసింది. మేం లేచాం.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో శ్రావణ శుక్రవారం సామాన్లన్నీ తోమి గోనెసంచి మీద ఆరబెట్టి ఉన్నాయి. ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, దీపపు కుందులు, హారతి పళ్లెం. ఎండకు కళ్లు చెదురుతున్నాయి. ఆ వరస చివర, ఇత్తడి గుండిగ పక్కన, గోడకు ఆనించి, నీళ్లు కారుతూ, మన రేకు.

మా ఆవిడ అప్పటికే గడప మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఒణికిపోతోంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్లాను. నవ్వుతోంది.

"అంత తోమలేదు" అంది ఊపిరి అందాక. "బిందె ఒక్కటే తోమింది."

వెళ్లి చూశాను. నిజంగానే అంతే. పడుగు అలాగే ఉంది, మనుషులు అలాగే ఉన్నారు, ఎండ దారాలు అలాగే ఉన్నాయి. ఆడమనిషి నడుము మీద మసి బిందె ఉండాల్సిన చోట రంగంతా లేచిపోయి నిగనిగలాడే రేకు. పీచుతో గుండ్రంగా తిప్పి తోమినట్టు గుండ్రటి చారలు కూడా పడ్డాయి. ఆ వీధిలో అంత మెరిసే వస్తువు ఇంకోటి లేదు.

మా బామ్మర్ది తన భార్య వైపు తిరిగాడు. "బొమ్మను తోముతరానే ఎవరన్న?"

ఆమె చేతికి అంటిన చింతపండు కడుక్కుంటోంది. ఆగలేదు.

"మసి ఉంటే తోమరా మరి? ఇంటికి పెద్దమనిషి వస్తుండంటే మసి బిందె గోడకు వెట్టుకుంటమా? మా అత్త గసొంటి బిందె ఎత్తుకొని వీధిలకు వోయిన మనిషేనా? వాడకట్టంత నవ్వుతుంటే నువ్వు గూడ నవ్వితివి."

అప్పటికి బస్సు పెబ్బేరు దాటి ఉంటుంది. యూరియా బస్తానే ఇన్నేళ్లు మరిచిపోని మనిషి, ఈ బిందెను చూస్తే ఏమంటాడు? పెట్టె తాళం మళ్లీ తెరుచుకోదు. మా మేనకోడలు మళ్లీ మొహాలు అంటించుకుంటూ కూర్చోవాలి, కింద చెదలు మిగతా గొర్రెల్ని కూడా ముగిస్తాయి.

తర్వాత ఆ ఇంట్లో జరిగింది వార్తగా రాస్తే ఏ సంపాదకుడూ నమ్మడు. బిందె మీద పూలదండ వేలాడదీద్దామన్నాడు మా బామ్మర్ది. దండ వేస్తే ఎవరో పోయినట్టుంటుందంది మా ఆవిడ. పత్రికలో తప్పు పడితే మర్నాడు సవరణ వేసేవాళ్లమని నేను చెప్పబోయాను, నన్ను ఎవరూ పట్టించుకోలేదు. చివరికి మా బామ్మర్దికే మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మసి పోయింది కదా, మసే పెడదాం. కాటుక డబ్బా తెప్పించాడు. మా ఆవిడ వేలితో పూసింది. నున్నటి రేకు మీద కాటుక నిలబడలేదు. బిందె మీంచి జారి, ఆడమనిషి చీర మీదికి దిగి, ఒక ధార కాళ్ల దాకా కారింది. ఇప్పుడు ఆ ఇల్లాలు బిందెడు నూనె ఒంటి మీద ఒలకబోసుకున్నట్టుంది. మళ్లీ తడిగుడ్డతో తుడిచాం. తుడిచేకొద్దీ బిందె ఇంకా మెరిసింది. మా ఆవిడ మళ్లీ గడప మీద కూర్చుంది. ఈసారి నేనూ పక్కన కూర్చున్నాను, నిలబడి నవ్వే ఓపిక లేక. ఇద్దరి కళ్లల్లో నీళ్లు. మా చెల్లె మాత్రం మొహం గంటు పెట్టుకుని, రేకును తీసుకుపోయి దాని మేకుకు తగిలించి, భక్ష్యాలు చెయ్యడానికి వెళ్లింది.

ఆటో ఆగిన చప్పుడైంది.

సార్ తెల్ల బట్టల్లో, నల్లద్దాలతో, గొడుగు పట్టుకుని దిగాడు. వెనక మేనకోడలు. గుమ్మంలో నీళ్లిస్తే తాగాడు. వీధి ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి చూశాడు. ఇప్పుడక్కడ ఎవరూ పడుగు సాగదియ్యరు, బండ్లు పెట్టుకుంటారు. తర్వాత నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని మగ్గం గదిలోకి వచ్చాడు.

తూర్పు వాకిట్లోంచి ఎండ సరిగ్గా ఆ గోడ మీద పడే వేళ అది. పడుగు దారాల మీద ఎండ పరుగెత్తుకొచ్చి బిందె దగ్గర ఆగి, అక్కడ భగ్గుమంది. గది పైకప్పు మీద ఆ బిందె వెలుగు గుండ్రంగా పడింది.

మా మేనకోడలు ముందు చూసింది. ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది. నా వైపు చూసింది. నేను మగ్గం వైపు చూశాను.

సార్ దగ్గరికి పోయాడు. వెనక్కి వచ్చాడు. తల ఇటు వంచాడు, అటు వంచాడు.

"బిందె ఎవరు జేసిండ్రు?"

వంటింట్లోంచి మా చెల్లె వచ్చి తలుపు దగ్గర నిలబడింది. చేతులకు పిండి.

"నేనే సారు. తోమిన. మసి ఉండె."

ఆయన ఆమె వైపు తిరిగాడు. మా బామ్మర్ది గొంతు సవరించుకున్నాడు. సార్ భుజాలు కదలడం మొదలైంది. మొదట దగ్గనుకున్నాను. ఆయన మగ్గం పక్కన చతికిలబడి, గొడుగు కింద పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వాడు. వనపర్తి రోడ్ల మీద ఆయనతో అన్ని సాయంత్రాలు నడిచాను, ఆయనకు అలా నవ్వొచ్చని నాకు తెలియదు.

నవ్వు తగ్గాక చెప్పాడు. "ఆ దినం ఎండంత బిందె మీదనే ఉండె అమ్మా. దాన్ని చూసే గీయనీకె కూసున్న. జాగ వదలాలె. తొందరల రంగు పూసేసిన. కాగితం మీద తెలుపు ఒక్కసారి పోతే పాయె, మళ్ల రాదు. దాన్ని మసి జేసి మూసిపెట్టిన. గప్పటి సంది మసి బిందెనే."

మా చెల్లెకు ఈ రంగుల లెక్కలేవీ పట్టలేదు. ఆమెకు కావలసింది వేరే.

"అంటే ఆ దినం బిందె మంచిగనే ఉండెనా సారు?"

"అద్దం లెక్క ఉండె."

ఆమె గుమ్మం దాటి వీధిలోకి పోయింది. ఎదురింటి గడప దాకా వినిపించేటట్టు ఆ మాట ఇంకోసారి చెప్పించుకోవాలని సార్‌ను అరుగు మీదికి రమ్మంది. పోయి చెప్పాడు. ఆ ఆడమనిషి ఎవరని అవ్వ అడిగితే, ఎవరో తనకు తెలియదన్నాడు. మొహాలు గియ్యడం సరిగ్గా రాదు కాబట్టి అందరినీ వెనక నుంచే గీసేవాణ్ణన్నాడు. దాంతో వీధికి కొట్లాట మళ్లీ మొదటికొచ్చింది.

లోపలికొచ్చాక ఆయన జేబులోంచి తాళంచెవి తీసి మా మేనకోడలి చేతిలో పెట్టాడు. అది ఇంటి నుంచే తెచ్చుకున్నాడన్నమాట. ఆమె పిడికిలి మూసి, ఆ పిడికిలిని నుదుటికి ఆనించుకుంది. ఆయన ఆమె వైపు చూడకుండా మా చెల్లెను అడిగాడు.

"ఇంకో జర చింతపండు ఉన్నదా?"

భక్ష్యాల మాట అందరూ మరిచారు. రేకును మగ్గం గట్టు మీద పడుకోబెట్టారు. మా బామ్మర్ది ఒక పక్క పట్టుకున్నాడు. సార్ చూపుడువేలికి చింతపండు, బూడిద అద్దుకుని, గంజి పట్టించే మనిషి మోచేతి దగ్గర ఒక చిన్న గీత రుద్దాడు. అక్కడ ఎండ పడింది. పడుగు చివర ఇంకో చుక్క. అక్కడా పడింది. మా ఆవిడ, ఆ ఎద్దుబండి చక్రానికి కూడా అంది. మా బామ్మర్ది తనకూ ఒక వేలు ఇవ్వమన్నాడు, కట్టె కడ్డీ తన తాతదేనని, దాన్ని తను తోమకపోతే ఎవరు తోముతారని.

"సార్, ఇగ సాలు, నా బొమ్మ మిగలది" అని మా మేనకోడలు రేకు లాక్కుని ఎత్తి పట్టుకుంటే తప్ప ఎవరూ ఆగలేదు.

ఇప్పుడు ఆ పెట్టెలో బొమ్మలన్నీ నాగర్‌కర్నూల్ షాపులో ఒకటొకటిగా రేకుల మీదికి వస్తున్నాయి. ముందు సగం తిన్న సంత వచ్చింది. చెదలు తిన్నచోట కూడా రేకే మెరుస్తుంటే, గొర్రెలు ఎండలోకి నడిచిపోయినట్టుంది. ఫ్లెక్సీల కోసం వచ్చినవాళ్లు వాటి ముందు అటూ ఇటూ ఊగుతుంటారు. సార్ వారానికోసారి నాగర్‌కర్నూల్ బస్సెక్కి పోయి, ఎక్కడెక్కడ తెలుపు పోగొట్టుకున్నాడో వేలితో చూపిస్తాడు. కంప్యూటర్‌లోనే తీసేయొచ్చని మేనకోడలు చెప్తుంది. చింతపండైతే మంచిగుంటదంటాడు ఆయన.

గద్వాల రేకుకు పైపూత వేస్తానని మేనకోడలు వెళ్లింది. మా చెల్లె వెయ్యనివ్వలేదు. పూత వేస్తే తోమడానికి రాదట. ప్రతి శుక్రవారం ఇంట్లో బిందెలతో పాటు దాన్నీ తోముతుంది. తోమినప్పుడల్లా అది అంచుల దగ్గర కొంచెం పెరుగుతోంది. ఇట్లాగే తోమితే కొన్నాళ్లకు మనిషి పోయి బిందె ఒక్కటే నడుస్తుందని మా బామ్మర్ది బెంగ.

పోయిన నెల వెళ్లినప్పుడు ఎదురింటి అవ్వ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. పత్రికలో రాసేవాణ్ణి కాబట్టి నిజం నాకు తెలియాలట.

"మనిషి వాళ్ల అత్తనే. ఒప్పుకుంట. గని ఆ బిందె మాది. అడుక్కపోయింది, మళ్ల ఇయ్యలే."

ఈ మాట మా చెల్లెకు చేరింది. ఇప్పుడు ఇంకా గట్టిగా తోముతోంది.